8:19 నాటి సంకేతం: ఎంహెచ్370 ఊహలకు గీటురాయి

2014 మార్చి 8న 239 మందితో కౌలాలంపూర్‌ నుంచి బీజింగ్‌ బయల్దేరి మాయమైన మలేసియా ఎయిర్‌లైన్స్ ఎంహెచ్370, ఆ బోయింగ్ 777 విమానం, ఏమైందో చెప్పే ఏ ఊహైనా ముందు ఉదయం 8:19 సంకేతానికి జవాబు చెప్పాలి.

మలేసియా సమయం 1:21కి, విమానం ఎవరిదో ఎక్కడుందో రాడార్లకు చెప్పే ట్రాన్స్‌పాండర్ మూగబోయింది. 2:22 దాకా మిలిటరీ రాడార్‌లో కనిపించింది. తర్వాత మిగిలినవి ఇన్మార్‌శాట్ ఉపగ్రహంతో సుమారు గంటకోసారి జరిగిన పలకరింపులే. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయం దూరాన్ని చెబుతుంది, దిక్కును చెప్పదు. అందుకే భూమ్మీద బిందువుకు బదులు వలయం వస్తుంది. ఆ వలయం మీద ఉత్తర, దక్షిణ మార్గాలు రెండూ సాధ్యమే అయినా, సంకేతాల ఫ్రీక్వెన్సీలో వచ్చిన తేడాలు దక్షిణ మార్గానికే సరిపోయాయి.

8:19కి విమానం ఉపగ్రహాన్ని మళ్లీ లాగిన్ అడిగింది. అంటే విమానంలోని ఉపగ్రహ సంబంధాల పరికరానికి కరెంటు పోయి, తిరిగి వచ్చిందన్నమాట. ఇంధనం అయిపోయి ఇంజన్లు ఆగితే, సహాయక జనరేటర్ దానంతటదే మొదలై ఇలాగే జరుగుతుంది.

ఉత్తరాన ఎక్కడో దించేశారన్న వాదన నాకు నిలబడేలా కనిపించదు. 2015 జులైలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి కొట్టుకొచ్చిన ఫ్లాపెరాన్ (రెక్క వెనక అంచున కదిలే భాగం) ఈ విమానానిదే. మరి 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భం గాలించినా ఎందుకు దొరకలేదు? వలయం మీద ఏ చోటో తెలియదు. చివర్లో విమానం నిట్టనిలువునా కూలిందా, గాల్లో తేలుతూ ఇంకా ముందుకు సాగిందా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన పట్టీ వెడల్పే మారిపోతుంది.