ప్రహ్లాదుడు వేసిన ఆయుష్షు లెక్క

వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు నృసింహ జయంతి. ఆ రోజున జగిత్యాల జిల్లా ధర్మపురిలో గోదావరి ఒడ్డున, ములుగు జిల్లా మల్లూరులో హేమాచలం గుట్ట మీద, ఇంకా ఉత్తర తెలంగాణలో ఎన్నో ఊళ్ల చిన్న చిన్న నరసింహాలయాలలో భక్తులు ఉపవాసముండి, స్వామి వెలసిన సంధ్యవేళ కోసం ఎదురుచూసి పూజ చేసుకుంటారు. పురాణం చెప్పేవారు కథను త్వరత్వరగా స్తంభం దగ్గరకు తీసుకువెళ్తారు, వినేవారికి కావలసిందీ అదే. కానీ భాగవతం సప్తమ స్కంధంలో స్తంభానికి ముందు ఒక బడి ఉన్నది. గురువులు ఇంటి పనుల మీద వెళ్లిన వేళ తోటి పిల్లలు ఆటకు పిలిస్తే, ప్రహ్లాదుడు వారిని కసురుకోకుండా, చిరునవ్వుతో మెత్తగా మాట్లాడుతూ తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఆ మాటలు విని పిల్లల బుద్ధి మారిపోయిందని గమనించిన గురువు భయపడి వెళ్లి రాజుకు చెప్పడం వల్లనే హిరణ్యకశిపుడి కోపం కట్టలు తెంచుకొని కథ స్తంభం దాకా వచ్చింది. అంటే నృసింహావతారానికి దగ్గరి కారణం ఒక విరామ సమయంలో పిల్లల మధ్య నడిచిన సంభాషణ. చదువులు ముగించుకొని యువకులు ఇళ్లకు చేరే ఎండాకాలంలోనే ఈ తిథి వస్తుంది కనుక, ఆ సంభాషణను వారి కోసం చదువుకోవడం ఉచితమని నా అభిప్రాయం.

"కౌమార ఆచరేత్ప్రాజ్ఞో ధర్మాన్ భాగవతానిహ, దుర్లభం మానుషం జన్మ తదప్యధ్రువమర్థదమ్" అని ప్రహ్లాదుడు మొదలుపెడతాడు. తెలివైనవాడు చిన్న వయసులోనే భాగవత ధర్మాలను ఆచరించాలి, మనిషి జన్మ దొరకడం కష్టం, దొరికినా నిలకడ లేనిది, అయినా ప్రయోజనాన్ని ఇవ్వగలిగేది అని దాని తాత్పర్యం. కొన్ని శ్లోకాల తరువాత, శరీరం నిండు బలంతో ఉన్నంతలోనే, అది పాడు కాకముందే క్షేమం కోసం ప్రయత్నించాలంటాడు. ఆ తరువాత వచ్చేదే ఆయుష్షు లెక్క. మనిషికి నూరేళ్లు అనుకుంటే, అందులో సగం రాత్రి చీకటిలో నిద్రకు పోతుంది. తెలియనితనంలో, ఆటపాటల్లో ఇరవై ఏళ్లు పోతాయి. ముసలితనం పట్టుకొని ఏమీ చేయలేక మరో ఇరవై పోతాయి. మిగిలిన పదేళ్లూ ఎంత పోసినా నిండని కోరికలతో, ఇంటి మీది మోహంతో, ఏమరుపాటులోనే జారిపోతాయి.

ప్రవచనాలలో ఈ లెక్కను సాధారణంగా భయపెట్టడానికి వాడుతారు. పద్దును కొంచెం నిదానంగా చూస్తే అందులో ఆశ కూడా కనిపిస్తుంది. సగం ఆయుష్షు నిద్రకు పోతుందన్నది అందరి గురించి చెప్పిన మాట కాదు. మనసును గెలవనివాడికే ఆ సగం నిష్ఫలమవుతుందని శ్లోకం స్పష్టంగా చెప్పింది. రోజుకు ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయినా అది దినంలో మూడో వంతే, నూరేళ్లకు దాదాపు 33 ఏళ్లు. శ్లోకంలోని 50 ఏళ్లకూ ఈ 33 ఏళ్లకూ మధ్య తేడా 17 ఏళ్లు, చివరకు చేతిలో మిగిలిన ఆ పదేళ్ల కంటే ఎక్కువ. బాల్యాన్ని వెనక్కి తెచ్చుకోలేము, వార్ధక్యాన్ని ఆపలేము. ఈ పద్దులో మన చేతితో మార్చగలిగిన అంకెలు రెండే, రాత్రికి రాసినదీ, చివరి పదేళ్లదీ. వాటిని మార్చగలిగే బలం ఇరవైకీ ముప్పైకీ మధ్యలో ఉన్నంతగా ఇంకెప్పుడూ ఉండదు. పడుకున్న తరువాత ఫోను చూస్తూ గడిపే రెండు గంటలు పెద్ద విషయంగా కనిపించవు. కానీ రెండు గంటలంటే రోజులో పన్నెండో వంతు కనుక, పద్దెనిమిదో ఏట నుంచి ముప్పయ్యో ఏట వరకు అలాగే సాగితే రాత్రింబవళ్లు కలిపి సరిగ్గా ఒక ఏడాది అవుతుంది. ఈ మాట యువకులకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు, ఇంట్లో పెద్దవారి ఫోన్లు కూడా అంత తొందరగా ఆరడం లేదు.

అయితే కాలాన్ని మిగుల్చుకొని ఏం చేయాలి? ఇక్కడే ప్రహ్లాదుడు మన కాలపు సలహాదారులతో విడిపోతాడు. ఇంకా ఎక్కువ పనులు దట్టించుకోమని అతడు చెప్పలేదు. ఇంద్రియ సుఖం దుఃఖం లాగానే పిలవకుండా తనంతట తానే వస్తుంది, దాని కోసం పాటుపడితే ఆయుష్షు ఖర్చు కావడం తప్ప వేరే ఫలం లేదు, కాబట్టి ఆ ప్రయాస వద్దు అన్నాడు. ఈ మాటను పట్టుకొని కొలువు కోసం చదవడం కూడా వ్యర్థ ప్రయాసేనని వాదించేవారున్నారు, నేను ఒప్పుకోను. తల్లిదండ్రుల అప్పు తీర్చడానికో, చెల్లెలి చదువుకో సంపాదించాలనుకునేవాడి శ్రమ ధర్మంలో భాగమే. వ్యర్థమయ్యేది పక్కవాడి జీతంతో పోల్చుకొని కుమిలిపోయే శ్రమ, ఉన్నదానికంటే గొప్పగా కనిపించడానికి పడే శ్రమ. ప్రహ్లాదుడు చదువును తక్కువ చేసినవాడూ కాడు. నేటి జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతన తెలుగులో, తండ్రి అడిగినప్పుడు ఆ బాలుడు ఇచ్చిన జవాబు ఇది:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే
చదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్ల చదివితి తండ్రీ!

గురువులు చెప్పినదంతా చదివాను అన్న తరువాతనే మర్మం మాట వచ్చింది. పాఠాలు ఎగ్గొట్టి భక్తిని సాకుగా చూపేవారికి ఈ పద్యంలో చోటు లేదు.

హనుమకొండ గ్రంథాలయాలలో, నయీంనగర్ అద్దె గదులలో గ్రూప్స్‌కో, డీఎస్సీకో, పోలీసు ఉద్యోగానికో సిద్ధమవుతున్న వేల మందిని చూస్తే, వారికి శ్రమ తక్కువైందని ఎవరూ అనలేరు. వారి కాలాన్ని తినేది నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మధ్య ఉండే నిరీక్షణ. ఆ నిరీక్షణలో "నౌకరొచ్చినంక చూద్దాం" అన్న మాట అలవాటవుతుంది. పొద్దున లేవడం, ఒళ్లు చూసుకోవడం, అమ్మతో నాలుగు మాటలు మాట్లాడడం, దేవుడి ముందు కాసేపు కూర్చోవడం, అన్నీ నౌకరీ తరువాతికే వాయిదా పడతాయి. హాల్ టికెట్‌ను భద్రకాళి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి మొక్కుకోవడంలో తప్పేమీ లేదు. కానీ పరీక్ష ముందటి రోజున గుర్తుకు వచ్చిన అమ్మవారు ఫలితాల తరువాత మళ్లీ నోటిఫికేషన్ దాకా గుర్తుకు రాకపోతే, భక్తి కూడా వాయిదాల జాబితాలో చేరినట్లే. పెద్దలు కూడా "భక్తికి ఇప్పుడేం తొందర, ముసలితనం ఉంది కదా" అని ఈ అలవాటుకు నీళ్లు పోస్తారు. ఏమీ చేయలేనిదిగా ప్రహ్లాదుడు పక్కన పెట్టిన ఇరవై ఏళ్లలోకే వారు భక్తిని నెడుతున్నారు.

ధర్మపురిలో నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యముడికి గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని మన దగ్గర నానుడి. ఆ ఊరి కవి శేషప్ప నరసింహ శతకంలో యమదూతలను తలచుకుంటూనే స్వామితో ఇలా అంటాడు: "బ్రతికినన్నాళ్లు నీ భజన తప్పను గాని, మరణకాలమునందు మరతునేమొ." ఆ వేళకు కఫ వాత పైత్యాలు కమ్ముకుంటాయి, నాలుక నారాయణా అని పిలవగలదో లేదో తెలియదు, అందుకే "నాటికిప్పుడె చేతు నీ నామభజన" అని తీర్మానించుకుంటాడు. ప్రహ్లాదుడు శ్లోకంలో చెప్పినదాన్ని శేషప్ప ఒక రోగి మంచం పక్కన నిలబడి చెప్పినట్లు చెప్పాడు. యువకుడికి మరణం దూరంగా తోచవచ్చు. అయినా ఇప్పుడు చేయగలిగిన పని అప్పుడు చేయలేకపోవచ్చునన్న భయం ఏ వయసులోనైనా పనికొచ్చే భయమే.

సమయం లేదనేవారికి ప్రహ్లాదుడు ముందే జవాబు చెప్పి ఉంచాడు. అచ్యుతుణ్ణి సంతోషపెట్టడానికి పెద్ద ఆయాసం అక్కరలేదు, ఆయన సర్వభూతాలలో ఆత్మగా అంతటా ఉన్నవాడే అన్నాడు. పొద్దున పుస్తకం తెరిచే ముందు ఒక శ్లోకం, రాత్రి ఫోను పక్కన పెట్టాక పది నిమిషాల నామస్మరణ, ఏడాదికి ఒక జయంతి నాటి ఉపవాసం, వీటికి ఏ టైంటేబులూ చెదరదు. ఆ తరువాత అతడు కోరింది సకల ప్రాణుల పట్ల దయ, స్నేహం. కిందటిసారి పరీక్ష తప్పిన అన్న, పల్లె నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడికి రాత్రి ఒక గంట అంకగణితం చెప్పడం మన గదులలో తరచుగా కనిపించేదే. ఆ గంటను ఇంట్లో వాళ్లు ఖర్చు కింద రాసుకోవచ్చు, ప్రహ్లాదుడి పద్దులో అది జమ. చెప్పినవాడికే ఆ లెక్కలు మరింత గట్టిపడతాయన్నది వేరే లాభం.