సూది బెజ్జం

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా కుట్టుపని నాది. బీపీ ఉందని తెలిసీ, ఒంట్లో బాగానే ఉంది కదా అని రెండు నెలలు మాత్రలు మానేశాను. ఒకనాడు కత్తిరింపు బల్ల దగ్గరే ఎడమ పక్కంతా చచ్చుబడి కూలిపోయాను. మెదడు కాండంలో పాన్స్ అనే చోట రక్తం చిమ్మిందన్నారు. ఐసీయూలో పదకొండు రోజులు. ముక్కులో గొట్టం, మా ఆవిడ అరచెయ్యి, అంతే గుర్తు.

ఐదో నెలకు కర్ర పట్టుకుని నడిచాను. మాట ముద్దగా ఉన్నా తెలిసేది. గండం గడిచిందనుకున్నాం.

ఏడో నెలలో జాకెట్టుకు హుక్కులు కుట్టబోతే సూది బెజ్జం నిలబడలేదు. చెయ్యి వణుకుతోందేమోనని సూదిని దిండుకు గుచ్చి చూశాను. అయినా పైకీ కిందకీ ఊగుతోంది. క్యాలెండర్‌లో తేదీలూ అంతే. కళ్లు మూసుకుంటేనే అన్నీ ఆగేవి. కళ్లజోడు రెండుసార్లు మార్చాను. ఒక డాక్టరు నీరసమన్నారు, ఇంకొకరు మనోవ్యాధి అన్నారు. నాకు మాత్రం మళ్లీ స్ట్రోక్ వస్తోందన్న భయం. నిద్రపోతే లేవనేమోనని రాత్రిళ్లు కూర్చునే ఉండేవాణ్ణి.

గుంటూరులో న్యూరాలజిస్టు నా కళ్లు చూసి, "నోరు తెరిచి ఊరికే ఉండండి మాస్టారూ" అని టార్చి వేశారు. మా ఆవిణ్ణి పిలిచి చూపించారు. కొండనాలుకతో సహా అంగిలి, సెకనుకు రెండుసార్లు చొప్పున లయగా ఎగిరెగిరి పడుతోందట. నాకు తెలియనే తెలియదు. ఇది నిద్రలోనూ ఆగదన్నారు. ఆ రాత్రి నేను కూర్చునే నోరు తెరిచి కునుకు తీస్తుంటే ఆవిడ ఫోను లైటు వేసి చూసిందట. పొద్దున్నే చెప్పి ఏడ్చింది: "నిజంగానే ఆగట్లేదండీ."

ఎమ్మారై తీశాక పేరు తెలిసింది: హైపర్‌ట్రోఫిక్ ఒలివరీ డీజెనరేషన్. డాక్టరుగారు కాగితం మీద మెదడులోని మూడు చోట్లకు గుర్తుగా మూడు చుక్కలు పెట్టి గీతలతో కలిపారు. 1931లో గియాన్, మొలారే అనే ఫ్రెంచి వైద్యులు వర్ణించిన త్రికోణమట అది. జీబీఎస్ (గియాన్-బారే సిండ్రోమ్) అని మనం వినే జబ్బు పేరులోని గియాన్ ఈయనే. ఆ మూడింట్లో ఒకటి మెదడు కాండం అడుగుభాగమైన మెడుల్లాలోని ఆలివ్ అనే ముద్ద, ఇంచుమించు చింతగింజంత. రక్తస్రావంతో దానికి వచ్చే దారి తెగింది. దెబ్బతిన్న మెదడు భాగం మామూలుగా ఎండిపోతుంది, ఇది మాత్రం ముందు ఉబ్బుతుంది. అదుపుచేసే సంకేతాలు అందక అందులోని కణాలన్నీ ఒకేసారి కొట్టుకుంటాయి. నా కళ్లూ అంగిలీ ఊగేది అందుకే. కొన్నేళ్లకు ఆ వాపు తగ్గి కుంచించుకుపోయినా వణుకు పోతుందన్న హామీ లేదు.

"ఇది కొత్త స్ట్రోక్ కాదు, పాతదాని ఫలితమే" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ రాత్రి పడుకున్నాను. డిశ్చార్జి రోజున నెలల తర్వాత ఇలాంటిది రావచ్చని ఎవరైనా చెప్పి ఉంటే అన్ని రాత్రులు కూర్చునేవాణ్ణి కాదు. అరుదైన జబ్బే కావచ్చు, అయినా చెప్పాల్సింది.

గాబాపెంటిన్ ఇచ్చారు, మత్తుగా ఉండేది. తర్వాత మెమాంటిన్ కలిపారు. ఊపు పోలేదు, తగ్గింది. పేపర్లో పెద్దక్షరాలు చదవగలుగుతున్నాను. బీపీ మాత్ర ఒక్కపూట కూడా తప్పడం లేదు. మిషను మీద అంచు వేలికి తెలుస్తుంది, కంటితో పని తక్కువ. సూదులే కష్టం. మా అమ్మాయి కాలేజీకి వెళ్లేముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతుంది: నల్లవి నాలుగు, తెల్లవి నాలుగు, ఎర్రవి రెండు. నిన్న సాయంత్రానికి రెండే మిగిలాయి.