పళ్లెంలో మూడు అంగుళాల నీళ్లు

మే 14, విజయవాడ

పొద్దున ఆరుకే గాలిలో చల్లదనం లేదు. లిప్‌స్టిక్ పామ్ (ఎర్రటి కాడలుండే తాటిజాతి మొక్క) కుండీ కింది పళ్లెంలో నిన్న రాత్రి మూడు అంగుళాలున్న నీళ్లు ఇప్పుడు ఒక అంగుళమే. ఇంకో మొక్కకైతే ఇలా అడుగున నీళ్లు నిలబెడితే వేరు కుళ్లుతుంది. ఈ పామ్ పుట్టిల్లు మలేసియా, సుమత్రా, బోర్నియోల చిత్తడి అడవులు. నీడలో ఉంటే మన వేడిని ఓర్చుకుంటుంది కానీ, వడగాలికి వేరు దగ్గర తడి ఆరితే ఒక్క రోజులో ఆకులు మాడతాయి. అందుకే పళ్లెం. నాలుగు రోజులకోసారి పారబోసి తోమాలి, లేకపోతే దోమలు.

బోరు నీళ్లు మాత్రం పొయ్యకూడదు. ఉప్పుకు ఆకుల కొసలు మాడతాయి, సున్నానికి మట్టిలోని ఇనుము వేళ్లకు అందదు. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు నయం. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పడితే ఇంకా మంచివి.

కొత్త ఆకు పసుపు తిరిగి ఈనెలు పచ్చగానే ఉన్నాయి. అంటే ఇనుము లోపమే. లీటరు నీళ్లకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి, ఎండ దిగాక పిచికారీ. వారం తేడాతో మూడుసార్లు కొట్టాలి. ముదురాకు పసుపు తిరిగితే సంగతి వేరు, అది పొటాష్ కొరత. ఆ ఆకును కోసేయకూడదు, చెట్టు దానిలోంచే పొటాష్ లాగి కొత్తాకుకు పెడుతుంది. పూర్తిగా ఎండాకే కత్తెర.

మన నల్లరేగడి దీనికి పనికిరాదు. కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, ఎర్రమట్టి రెండు, ఇసుక ఒకటి, వర్మీ కంపోస్టు ఒకటి. పొట్టును ముందు నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండి పారబోయాలి. అందులోనూ ఉప్పుంటుంది.

మధ్యాహ్నం షేడ్ నెట్ కింద కూడా పడమటి గోడ సెగ తగులుతోంది. కుండీని నాలుగడుగులు జరిపాక నయం. అలాగని చీకటి మూలకు తోస్తే కాడల ఎరుపు వెలిసిపోతుంది. తొమ్మిది దాకా పొద్దుటెండ తగలాలి. చిన్న మొక్కలో ఎరుపు ఎలాగూ అంతగా కనపడదు, ఓపిక పట్టాలి.

అడుగున రెండు పిలకలు లేచాయి. ఇప్పుడు విడదీస్తే చస్తాయి. తొలకరి పడ్డాక, సొంత వేళ్లు నాలుగైనా ఉన్నదాన్నే కొయ్యాలి.

సాయంత్రం ఆకుల అడుగున ఎర్రనల్లి, అంటే రసం పీల్చే సన్నటి పురుగు, కనిపించింది. పైపుతో గట్టిగా కడిగితే చాలు, మొవ్వులో (కొత్తాకు పుట్టే నడిమి మొగ్గలో) మాత్రం నీళ్లు నిలవనివ్వకూడదు. మొవ్వాకును మెల్లగా లాగి చూస్తే గట్టిగానే ఉంది. ఊడి చేతికి వచ్చుంటే మొవ్వు కుళ్లే.

తొమ్మిదికి పళ్లెం మళ్లీ మూడు అంగుళాలకు నిండింది.