పొత్తిగుడ్డలే ఆనవాలు

"దానికిదే మీకానవాలు" అని దూత గొర్రెల కాపరులకు చెప్పిన మాట, లూకా 2:12, డిసెంబరులో ఎన్ని ప్రసంగాల్లో వింటామో లెక్కలేదు. పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన పసివాడే ఆ ఆనవాలు. అందరూ పశువుల తొట్టి దగ్గర ఆగుతారు. నాకు మాత్రం పొత్తిగుడ్డలు దాటి ముందుకు వెళ్లబుద్ధి కాదు.

నా రెండో కాన్పు ఇక్కడ బెంగళూరులోనే. ఏడో నెలలోనే కమర్షియల్ స్ట్రీట్‌కి వెళ్లి లేసు గౌను, టోపీ, మేజోళ్లు ఉన్న సెట్టు తెచ్చి పెట్టుకున్నాను. ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని పక్కకు జరిపి, తన సంచిలోంచి ఒక చిన్న మూట తీసింది. మా నాన్న పాత పంచె. చింపి, ఉతికి, ఎండలో ఆరేసి మడత పెట్టిన నాలుగు ముక్కలు. ఒకదానికి వెలిసిపోయిన అంచు ఇంకా ఉంది. "కొత్త గుడ్డ గరుకమ్మా, పసిదాని ఒళ్లు ఒరుసుకుపోతుంది" అంది. తడిమి చూస్తే వెన్నలా ఉంది. ఏళ్ల తరబడి ఉతగ్గా ఉతగ్గా వచ్చిన మెత్తదనం అది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఆ వాక్యం చదువుతుంటే గొంతు పట్టేసింది. సత్రంలో చోటు దొరకలేదు గానీ పొత్తిగుడ్డలు ఉన్నాయి. అంటే నిండు గర్భిణి మరియ నజరేతులోనే వాటిని మూటలో పెట్టుకుని బయల్దేరి ఉంటుంది. దేవాలయంలో గొర్రెపిల్లను అర్పించే స్తోమత లేని పేదలకు ధర్మశాస్త్రం చెప్పిన గువ్వల జత, పావురపు పిల్లలే ఆ ఇంటి అర్పణ. అలాంటి ఇంట్లో ఆ గుడ్డలు కొత్తవై ఉంటాయా? ఎవరో కట్టి విడిచినవే అయ్యుంటాయి. మహిమ వదిలి వచ్చిన ప్రభువు ఒంటికి మొదట తగిలింది అరిగిన బట్ట. కాపరులకు దూత చెప్పిన గుర్తులో నక్షత్రం కూడా లేదు, ఆ గుడ్డలూ తొట్టీ తప్ప.

మరి మనం? నవంబరులోనే మాల్‌లో చెట్టు లేస్తుంది, ఫోను నిండా ఆఫర్లు. 1939లో అమెరికాలో, నవంబరు చివరి పండుగ అయ్యాకే మొదలయ్యే క్రిస్మస్ అమ్మకాలకు ఇంకో వారం కలిసి రావాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ థాంక్స్‌గివింగ్ పండుగనే ముందుకు జరిపాడు. అంగడివాళ్లను అని ఏం లాభం, అమ్ముకోవడం వాళ్ల పని. నా బాధ మన మీద.

పోయినేడు మా సంఘంలో, పండుగకు ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌కి ఆడవాళ్లందరికీ ఒకే రకం మెరూన్ పట్టుచీర అనుకున్నారు. తలకి 2,800 రూపాయలు. సరేనని చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. అపార్ట్‌మెంట్లలో పనిచేసుకునే అనంతపురం చెల్లి ఒకామె ప్రతి ఆదివారం ముగ్గురు పిల్లలతో ముందు వరసలో కూర్చునేది. ఆ రోజు రాలేదు. క్రిస్మస్ ఉదయమూ రాలేదు. జనవరిలో అడిగితే తలవంచుకుని "ఒంట్లో బాగలేదక్కా" అంది. నలుగురికీ ఒకేసారి బాగలేకుండా పోతుందా? సత్రంలో స్థలం లేదన్నది మేమే.

అక్కల్లారా, ఈసారి చీర రంగు మాట ఎవరైనా ఎత్తితే లేచి నిలబడి వద్దనండి. కొత్త బట్ట పాపమని నేననను. పిల్లలకు కొనండి, కానీ ఈఎంఐ పెట్టి కొనకండి. జనవరిలో ఫీజుల టెన్షన్‌తో మోకాళ్లూనితే ప్రార్థన నోట్లోంచి రాదు. అరిసెలు వండితే మొదటి డబ్బా అడగలేనివాళ్ల ఇంటికి పంపండి.

ఈ క్రిస్మస్ ఉదయం నేను ఉతికిన నూలు చీరే కట్టుకుని, ఆ చెల్లి ఇంటి మీదుగా ఆరాధనకి వెళ్తాను. సర్దుకుని కూర్చుంటే పిల్లలు ముగ్గురూ ఆటోలో పడతారు.