పట్టాల కింద పుల్‌మన్

నాన్న రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. షికాగో వచ్చిన రెండో వారానికే మేడలు చూసి విసుగెత్తి, "ఇక్కడి రైళ్ల సంగతేమిటమ్మా?" అన్నారు. తిన్నగా గ్రేస్‌లాండ్ శ్మశానానికి తీసుకెళ్లాను.

రైలు పెట్టెల తయారీదారు జార్జ్ పుల్‌మన్ సమాధి అక్కడే ఉంది. పైకి కనిపించేది ఒక పొడవాటి రాతి స్తంభం. విశేషమంతా అడుగున. 1897లో అతను పోయినప్పుడు, సీసం రేకు తాపిన శవపేటికను కాంక్రీటులో ముంచి, దాని మీద ఉక్కు పట్టాలు పరిచి, మళ్లీ కాంక్రీటు పోశారు. పనివాళ్లు శవాన్ని తవ్వి తీస్తారని ఇంటివాళ్ల భయం.

ఊరికే పుట్టిన భయం కాదది. రాత్రి ప్రయాణాలకు మెత్తటి పడకల రైలు పెట్టెలు తయారుచేసి ఆస్తి గడించిన ఈ మనిషి, 1880లో పనివాళ్ల కోసం ఒక ఊరే కట్టించడం మొదలుపెట్టాడు. దానికి తన పేరే పెట్టుకున్నాడు! ఎర్ర ఇటుక ఇళ్లు, కుళాయి నీళ్లు, గ్రంథాలయం అన్నీ ఉన్నాయి. పనివాడికి ఇల్లు కొనుక్కునే హక్కు మాత్రం లేదు. 1893 మాంద్యంలో జీతాలు కోశాడు, అద్దెల్లో ఒక్క సెంటు తగ్గించలేదు. మరుసటి ఏడాది సమ్మె దేశంలో చాలా రైళ్లను ఆపేసింది, సైన్యం దిగింది, మనుషులు చనిపోయారు.

నాకు మరీ గుచ్చుకునేది వేరొకటి. ఆ పెట్టెల్లో పనిచేసిన నల్లజాతి పోర్టర్లను ప్రయాణికులు సొంత పేరుతో పిలిచేవారు కాదు. ఎవరైనా సరే "జార్జ్"! యజమాని పేరన్నమాట.

నాన్న అంతా విని, చెప్పు కాలితో నేలను మెల్లగా తట్టారు.

"పట్టాలు సరే, స్లీపర్లు కూడా వేశారా?"