సంతాల్ ఊరు నన్ను ఉండనిచ్చిన రోజు

జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. ఎవరైనా ఎదురుపడితే ఇంకా ‘జోహార్’ అనబోతున్నాను. మన దగ్గర ఆ మాట అమరవీరుల స్తూపాల దగ్గర వినిపిస్తుంది. అక్కడ బతికున్న మనుషులు పొద్దున లేచింది మొదలు ఒకరికొకరు చెప్పుకుంటారు. మొదటి వారం ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

సంతాల్ ఆదివాసుల భాష సంతాలీ నేర్చుకుందామని డిసెంబరు నుంచి మార్చి దాకా ఒక సంతాల్ ఊరిలో ఉన్నాను. ప్రయాణం కష్టం కాదు. రాంపూర్‌హాట్‌లో దిగి దుమ్కా చేరితే, అక్కడి నుంచి ఆటోలు ఉంటాయి. ఇల్లు కూడా వెంటనే దొరికింది. ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ తన ఇంట్లో ఒక గది ఇస్తానంది. మూడు నెలలూ ఆమెను ‘ఆయో’ అనే పిలిచాను, అంటే అమ్మ. కానీ గది ఇవ్వడానికి ఆయో ఒప్పుకుంటే చాలదు, ఊరు ఒప్పుకోవాలి.

ముందు ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి ఉత్తరం తెచ్చుకోమని ఎవరో చెబితే ఐదు రోజులు తిరిగాను. అక్కడి గుమస్తా నా దరఖాస్తు చదవకుండానే, “ఆ అడవి మనుషుల దగ్గర మీకేం పని?” అన్నాడు. ఆ మనుషుల సంక్షేమం పేరు మీదే అతని జీతం వస్తోంది. చివరికి ముద్ర వేసిన ఉత్తరం చేతికి వచ్చింది. మీలో ఎవరైనా వెళ్లేట్టుంటే ఆ ఉత్తరం కోసం తిరగకండి. తిరిగి సంపాదించినా ఊళ్లో బయటకు తీయకండి. నేను తీశాను.

ఊరి నడుమ పొడవుగా సాగే వీధిని కుల్హి అంటారు. ఇళ్లన్నీ దానికి రెండు పక్కలా ఉంటాయి. ఊరి పెద్ద మాంఝీ. ఏదైనా తేల్చాలంటే ఆయన పిలుపు మీద అందరూ కుల్హిలో కూర్చుంటారు. ఆ ఉదయం నాకు నులకమంచం వేశారు. ఒకామె ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, వంగి జోహార్ చెప్పింది. అంత మర్యాద అందుకున్న చేత్తోనే సంచిలోంచి ఉత్తరం తీసి మాంఝీ బాబాకు అందించబోయాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆయనకు చదవడం రాక కాదు. కాగితం పట్టుకుని వచ్చిన దికు ఏం చేస్తాడో దుమ్కా ఉన్న సంతాల్ పరగణా ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలుసు. దికు అంటే బయటివాడు. వడ్డీ వ్యాపారులు రాయించుకున్న పత్రాల మీదే వాళ్ల పొలాలూ పశువులూ పోయాయి. 1855 జూన్ 30న భోగ్నాడీలో సంతాల్ అన్నదమ్ములు సిద్ధూ, కాన్హూ వేలమందిని కూడగట్టి తిరగబడింది ఆ అప్పుల మీద, జమీందారుల మీద, వాళ్లకు కొమ్ముకాసిన పోలీసుల మీద. వందేళ్ల తర్వాత, 1955లో, మయూరాక్షి నది మీద మసాన్‌జోర్ ఆనకట్ట పూర్తయ్యేసరికి మరికొన్ని సంతాల్ ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి. ఆ నీళ్లు ఎక్కువగా పారేది బెంగాల్ పొలాలకు. బయటివాళ్లు అక్కడి భూమి కొనకుండా 1949 నాటి కౌలు చట్టం అడ్డుపడబట్టే ఆ మాత్రమైనా మిగిలింది. ఆ చట్టం అభివృద్ధికి అడ్డు అనేవాళ్లు ఒక్క పూట ఆ కుల్హిలో కూర్చుని ఆ మాట అనాలి.

ఉత్తరాన్ని మళ్లీ సంచిలో పెట్టి, బట్టీ పట్టి తెచ్చుకున్న నాలుగు సంతాలీ వాక్యాలు చెప్పాను. మనకు ‘మనం’, ‘మేము’ వేరువేరుగా ఉన్నట్టే వాళ్లకు ‘ఆబో’, ‘ఆలే’ ఉన్నాయి. హిందీవాళ్లకు ఆ తేడా లేదు. తెలుగుదాన్ని కాబట్టి ఇది నాకు సులువేననుకుని, ధీమాగా ‘ఆబో’ అన్నాను. మన ఊరు అని. ముందు వరసలోని ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. “ఆలే,” అన్నాడు. మా ఊరు.

అప్పుడు వెనక నుంచి ఒక యువకుడు లేచాడు. “మీది హైదరాబాదా?” అని హిందీలో అడిగాడు. అవునన్నాను. అతను నా వైపు చూస్తూ, స్పష్టమైన తెలుగులో, “ఒరేయ్, తొందరగా రా,” అన్నాడు.

తర్వాత ఊరివాళ్ల వైపు తిరిగి ఆ మాటలకు అర్థం చెప్పాడు. రెండేళ్లు లింగంపల్లి దగ్గర భవన నిర్మాణంలో పనిచేశాడట. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో బయలుదేరిన మొదటి రైల్లో తిరిగొచ్చాడట. “అక్కడ నా పేరు ‘ఒరేయ్’. నాకు వచ్చిన తెలుగు ఇంతే,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మంచం దిగి నేల మీద కూర్చున్నాను. వినయంతో కాదు, కాళ్లు నిలవలేదు. వాళ్ల భాష మీద ప్రేమతో వెయ్యి మైళ్లు దాటి వచ్చాననుకున్నాను. నా భాష నాకంటే ముందే ఆ ఊరు చేరి ఉంది, ఆ రూపంలో. “నన్ను క్షమించండి,” అన్నాను తెలుగులోనే. అతనికి ఆ మాట అర్థం కాలేదు. రెండేళ్లలో ఎవరి నోటా వినలేదన్నాడు.

గంటసేపు మాట్లాడుకున్నాక మాంఝీ బాబా నిర్ణయం చెప్పాడు. ఉండవచ్చు. సాల చెట్ల నడుమ వాళ్లు దేవతలను కొలిచే చోటు, జాహేర్ థాన్‌లోకి పిలవకుండా అడుగు పెట్టకూడదు. పొలాలను ఫోటో తీయకూడదు. ఆ కుర్రవాడు వసంతంలో వచ్చే పూల పండుగ బాహా కాగానే మళ్లీ పనికి మన వైపే వెళుతున్నాడు కాబట్టి, ఈలోగా అతనికి తెలుగు నేర్పాలి.

మిగతా రోజులు సాఫీగా గడిచాయి. మనకు కనుమ వచ్చే రోజుల్లోనే వాళ్లూ పశువులను పూజించి సోహ్రాయ్ చేసుకున్నారు. ఇప్పపూలు రాలడం మొదలైనా, బాహా జరిగేదాకా ముట్టుకోకూడదని ఆయో ముందే చెప్పింది.

సాయంత్రాలు మాత్రం పాఠాలవి. నీళ్లను ‘దాక్’ అంటారు. చివరి శబ్దాన్ని గొంతులోనే ఆపాలి. మాటలను అచ్చుతో ముగించే అలవాటున్న నా నోరు ‘దాకు’ అనేది. అతను విసుక్కోకుండా పదిసార్లు అనిపించేవాడు. మనిద్దరమే అయితే ‘ఆబో’ అనరని, ‘ఆలాంగ్’ అనాలని కూడా అతనే చెప్పాడు. నేను అతనికి నేర్పిన మొదటి వాక్యాలు మూడు. రోజుకు కూలి ఎంత? లెక్క చూపించండి. నన్ను ‘మీరు’ అనండి.

నిన్న రాత్రి పని దగ్గర నుంచి ఫోను చేశాడు. “అక్కా, లెక్క చూపించండి అన్నాను. రేపు అన్నారు,” అన్నాడు తెలుగులో. ఆ తర్వాత సంతాలీలోకి మారి, రేపు మళ్లీ అడుగుతానన్నాడు.