మడమకు ప్లేటా, స్క్రూలా?

బావ స్లాబ్ మీద నుంచి పడి మడమ ఎముక విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఇంట్లో ఇదే చర్చ. ప్లేట్ వేయాలంటే పాదం పక్కన 'ఎల్' ఆకారంలో పెద్ద కోత పెడతారు. ముక్కలన్నీ కనిపిస్తాయి, కీలు సరిగ్గా కూర్చోబెట్టొచ్చు. కానీ అక్కడ చర్మం పల్చన, గాయం మానక చీము పట్టే భయం ఎక్కువ. షుగరు, సిగరెట్టు ఉంటే మరీను. బావకు రెండూ ఉన్నాయి! అందుకే డాక్టరు చిన్న కోతతో స్క్రూలకే మొగ్గారు, అదీ వాపు తగ్గాకే.

2014లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో రెండేళ్ల తర్వాత ఆపరేషన్ చేసినా, చేయకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. "మరి కోయడం ఎందుకండీ?" అని అక్క డాక్టరుని అడిగింది. మడమ ఆకారం బాగా చెడిపోయినవాళ్లను అందులో చేర్చలేదన్నారాయన. నాకైతే ఆ జవాబు నచ్చింది.